ఏ బేసండీ?

నా చిన్నప్పుడు మా హైస్కూల్లో సైన్సు మేష్టారికీ లెక్కల మేష్టారికీ పడేది కాదు. ఒకరి మీద ఒకరికున్న కోపం మా వీపుల మీద దిగేది. సైన్సు మేష్టారికి ఇంగ్లీషు మాటలంటే మహా మోజు. పుస్తకంలో క్షారం అని ఉన్నదాన్ని ఒకరోజు చెప్పాపెట్టకుండా బేస్ అన్నాడు. ఆయనకు 'గారు' తగిలించడానికి నాకు ఇప్పటికీ మనసొప్పదు.

"బేస్ అంటే ఏటే?" అని నన్ను లేపాడు. నేనప్పుడు తొమ్మిదో తరగతి. అంతకుముందు పీరియడ్‌లోనే లెక్కల మేష్టారు త్రిభుజానికి భూమిని చూపించి, దీన్నే ఇంగ్లీషులో బేస్ అంటారని చెప్పారు. త్రిభుజం అడుగు భుజమండీ అన్నాను. క్లాసంతా నవ్వింది.

"ఆడు నేర్పి పంపినాడా నా మీదికి?" అంటూ బెత్తం అందుకున్నాడు. అరచేతులు వాచిపోయాయి. నాన్నను తీసుకొస్తేగాని క్లాసులో అడుగు పెట్టొద్దన్నాడు. నాకు దెబ్బలకన్నా ఆ మాటే భయం. ఆడపిల్లకు చదివినంత చాలని మా నాన్న అప్పటికే సాకు కోసం చూస్తున్నాడు.

ఇంటి వెనక గోగునార ఆరేస్తున్న మా మేనత్త నా చేతులు చూసింది. ముందు ఆయన్ని నోరారా తిట్టింది. తర్వాత జరిగిందంతా వింది.

"ఒసే, నువ్వు అత్తా అంటే నాను పలుకుతాను. మీ అమ్మ అత్తా అంటే మీ నాయినమ్మ పలుకుతాది. మాటొక్కటే, మనుసులు ఏరు. ఏ అత్తో తెలీకుండా ఎవులు పలుకుతారు? నువ్వు తప్పు సెప్పలేదు. ఆడికి అడగడం సేతకాలేదు."

ఆ సాయంత్రం రెండు పుస్తకాలూ ముందేసుకుని బేస్ అనిపించుకునేవన్నీ వెతికాను. మర్నాడు నాన్నకు బదులు అత్తే వచ్చి క్లాసు గుమ్మంలో నిలబడింది. "దీని బాబు రాడు. నిన్న అడిగింది మల్లీ అడుగు," అంది. ఆయన పళ్లు నూరుతూ అడిగాడు.

"ఏ బేసండీ? లెక్కల్లోనే రెండున్నాయి. త్రిభుజానికి భూమి ఒకటి. రెండు ఘాతం ఐదు అంటే అందులో కిందుండే రెండు ఇంకొకటి. మీ పాఠంలోదైతే ఎర్ర లిట్మస్‌ను నీలంగా మార్చేది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన కూర్చోమని కూడా అనకుండా బోర్డు వైపు తిరిగాడు. ఆ ఏడాదంతా నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు, నేను అడిగినా వినలేదు. నా చదువు మాత్రం ఆగలేదు.

తర్వాత నేనూ సైన్సు టీచర్నయ్యాను. పిల్లలు తప్పు చెబితే, నేను అడిగిన తీరు సరిగ్గా ఉందా అని ముందు చూసుకునేదాన్ని. అది మా అత్త ఇచ్చింది. ఆయన పోయాడని కబురొస్తే మాత్రం చూడడానికి వెళ్లలేదు. ఆ కోపమూ నా దగ్గరే ఉంది, దాన్ని వదిలేయాలని నాకెప్పుడూ అనిపించలేదు.