సంగడి పందేనికి నేను రాసిన రూల్సు

ఆ రోజుల్లో ఇంగ్లీషులో సంతకం పెట్టగలిగినవాడికి లోకంలో తెలియని విషయం ఉండదని మా ఊళ్ళో ఒక నమ్మకం. ఆ నమ్మకం మిగతావాళ్ళకంటే నాకే కాస్త ఎక్కువగా ఉండేది. స్వరాజ్యం వచ్చిన కొత్త. నాకు ఇరవై ఏళ్ళు. స్కూలు ఫైనలు రెండో దఫాకి గట్టెక్కి, ఊరి సొసైటీలో గుమాస్తా పని కోసం మునసబుగారి అరుగు చుట్టూ తిరుగుతున్నాను. (ఆ ఉద్యోగం వచ్చేసిందని మా అమ్మ అప్పటికే మూడు వీధుల్లో చెప్పేసింది.)

మా ఊరికీ కాలువ అవతలి ఊరికీ ఏటా సంగడి పందెం జరిగేది. రెండు తాటిదోనెల్ని పక్కపక్కన పెట్టి అడ్డకర్రలతో బిగించి కడితే అదే సంగడి. మామూలు రోజుల్లో దానిమీద గడ్డిమోపులూ దూడలూ కాలువ దాటేవి. పందెం నాడు నలుగురేసి మనుషులు గెడలు వేసేవారు. మీ దోనె పొడుగంటే మీ మనుషులు ఎక్కువంటూ మొదలై, ప్రతి ఏడూ అది తలకాయలు పగలడంతో ముగిసేది. "ఈసారి ఒక్క తల పగిలినా పందెం మాన్పించేస్తాను. రూల్సు నువ్వు రాయి. సవ్యంగా జరిగిందా, గుమాస్తా పని నీదే" అన్నారు మునసబుగారు.

మూడు రోజులు కూర్చుని పదకొండు రూల్సు రాశాను. దోనెలన్నీ ఒకే పొడుగు, ఒకే వెడల్పు. రెంటి మధ్య ఎడం సరిగ్గా గజం. రెండు జట్లనీ ఎండుకొబ్బరి తూచే కాటా ఎక్కించి బరువు కూడా సమానం చేశాను. గమ్యం చేరేదాకా కట్టు వదులు చేయరాదు. వెనక్కి గెడ వేసినవారు ఓడినట్టే. నోట ఒక్క అమర్యాద మాట వచ్చినా ఓడినట్టే. ఆ ఆఖరిది రాసినప్పుడు నన్ను చూసుకుని నాకే ముచ్చటేసింది.

పందెం మొదలైంది. సంగళ్ళు రెండూ కవలపిల్లల్లా సాగాయి. ఏదీ జానెడైనా ముందుకి పోలేదు. నేను గట్టుమీద పరుగెడుతూ పొంగిపోతున్నాను. వెనకటి ఏళ్ళలో ఎవరో ఒకరు ముందుండేవారు గనక ఊరి వంతెన దగ్గర చిక్కు రాలేదు. దాని కింద దారి ఒకటిన్నర సంగడి వెడల్పు. నా ధర్మమా అని ఈసారి రెండూ కలిసి దూరబోయి, కలిసి ఇరుక్కున్నాయి.

"ఆయ్, తమరు పెద్దోరండి. తమరు కొంచెం ఎనక్కి జరిగితే మీ ఎనకే మేమూ వచ్చేత్తామండి" అన్నాడు మా జట్టు పెద్ద, పళ్ళు బిగించి.

"అబ్బే, ఎంత మాటండి. తమంతటోరుండగా మేం ముందుగా ఎనక్కెళితే మర్యాదగా ఉంటదాండి?" అన్నాడు అవతలి పెద్ద, గెడని పిడికిట్లో నలిపేస్తూ.

ఇలా రెండు గంటలు. వెనక అంబాజీపేట వెళ్ళే కొబ్బరి పడవలు వరసగా ఆగిపోయాయి. వాటిలో ఒకదాంట్లో మా అమ్మమ్మ ఉంది. "ఒరేయ్, రాసింది నువ్వే గదా. ఆ కట్టు మాటొక్కటీ కొట్టెయ్యి. తాళ్ళు వదులు చేసి, దోనెలు దగ్గరికి జరుపుకుని పోతారు" అంది. నిజమే. కానీ అది ఫెయిరు కాపీ. ఎర్ర సిరాతో గీతలు గీసి, నల్ల సిరాతో ముత్యాల్లా రాసింది. అందులో కొట్టివేతా? "రూలు రూలే అమ్మమ్మా" అన్నాను.

జట్టు పెద్దలిద్దరూ ముందు నావైపు, తర్వాత ఒకరివైపొకరు చూసుకున్నారు. ఆ రెండూళ్ళూ ఒక మాట మీదికి రావడం అదే మొదటిసారి. "అబ్బాయిగారూ, తమరోసారి కిందకి దిగండి, దగ్గరుండి సూద్దురుగాని" అన్నారు. దిగాను. నన్నూ నా కాయితాన్నీ కలిపి కాలువలో ముంచి తీశారు. (ఎవరూ తిట్టలేదు. రూల్సులో ముంచకూడదని నేను రాయలేదు.) సిరా అంతా కారిపోయాక, నవ్వుకుంటూ తాళ్ళు వదులు చేసుకుని బయటికి వచ్చేశారు. ఎవరు గెలిచారో ఎవరూ అడగలేదు.

"తల పగల్లేదు. మాట మాటే. రేపొచ్చి పనిలో చేరు" అన్నారు మునసబుగారు. "సొసైటీ రూల్సు ఎవరో ముందే రాసేశారులే, నువ్వేం శ్రమపడక్కర్లేదు."

ముప్పయ్యేళ్ళు ఆ కుర్చీలోనే కూర్చున్నాను. అన్ని పడవల్ని ఆపేసి, కాయితం నలగకుండా చూసుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. ముంచినవాళ్ళలో ఇద్దరు ఇంకా ఉన్నారు. కాలువగట్టున ఎదురైతే "బాగున్నారా అబ్బాయిగారూ" అని అంతే మర్యాదగా పలకరిస్తారు. నేను నీటికి రెండడుగులు దూరంగా జరిగి, "ఆయ్, బాగున్నానండి" అంటాను.