మూడు బొట్లు, పదహారు కుడుకలు

1968 ఫిబ్రవరి 4, ఆదివారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు సూర్యాపేటలో మా ఇంటి ముందు నుంచి కిరాయి జీపు కదిలింది.

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే, ఏ తేదీన, ఎన్ని గంటలకు అని అడుగుతాను. చాలామంది అక్కడే ఆగిపోతారు. బడిలో లెక్కలు చెప్పినదాన్ని, అలాంటివి నమ్మే అలవాటు నాకు లేదు. ఆ రోజు నేను నోటుబుక్కులో రాసుకున్నది రాసుకున్నట్టు చెబుతాను.

మా ఆడబిడ్డ పెళ్లికి చుట్టాలను పిలవడానికి అత్తమ్మా నేనూ బయలుదేరాం. మా వైపు పిలుపంటే గడప దాకా వెళ్లి, ఆ ఇంటి ఆడమనిషికి బొట్టు పెట్టి, చేతిలో ఒక కుడుక, అంటే ఎండుకొబ్బరి చిప్ప పెట్టాలి. మొత్తం పద్నాలుగు ఇళ్లు. ఎందుకైనా మంచిదని పదహారు కుడుకలు సంచిలో వేశాను.

ఏ ఊరి తర్వాత ఏ ఊరో నేనే రాశాను. చివ్వెంల, కోదాడ, చిలుకూరు, మిర్యాలగూడ, చివరికి వేములపల్లి. మైళ్లు కలిసొచ్చే దారి. నా తప్పు కూడా అదే. వేములపల్లిలో ఉండేది అత్తమ్మ సొంత అక్క, మా పెద్దత్తమ్మ. మొదటి బొట్టు పెద్దవాళ్లకు పెట్టాలి. తొమ్మిదేళ్ల కింద నా పెళ్లికి తనకంటే ముందు పక్కింటామెకు పెట్టారని పెద్దత్తమ్మ పెళ్లికే రాలేదు. అప్పటి నుంచి అక్కచెల్లెళ్లకు మాటల్లేవు. ఈసారైనా ఆమె రావాలని అత్తమ్మ ఆశ. పైకి అనలేదు. అక్క కోసం చీర కొని ట్రంకుపెట్టెలో దాచిన సంగతి నాకు తెలుసు.

ఆరూ యాభైకి చివ్వెంలలో మొదటి ఇంటి అరుగు మీద పెద్దత్తమ్మ కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. చుట్టపుచూపుగా వచ్చిందనుకున్నాం. పెద్దవాళ్లను ఎందుకొచ్చావని అడగలేం కదా.

"పిల్లా, మొదటి బొట్టు నాదేనని మీ అత్తకు చెప్పు," అంది.

అత్తమ్మ ఆమెకు జానెడు దూరంలో నిలబడి ఉంది. "పెట్టనీకే వచ్చినమని నువ్వే చెప్పు," అంది నాతో. అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేశాను. అత్తమ్మ నోరు మెదపకుండా బొట్టు పెట్టి కుడుక ఇచ్చింది.

కోదాడ దారిలో టైరు పగిలింది. మార్చడానికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో ఒక బస్సు మమ్మల్ని దాటిపోయింది. తొమ్మిదీ నలభైకి కోదాడ చేరితే, అక్కడ అరుగు మీద పెద్దత్తమ్మ. అవే అనపకాయలు. ఆ బస్సులోనే వచ్చి ఉంటుందని సరిపెట్టుకున్నాను.

"ఆడ పెట్టింది నొసటికి అంటలే. మల్ల పెట్టుమను," అంది. అత్తమ్మ మళ్లీ పెట్టింది, మళ్లీ మాట లేకుండా. ఇంకో కుడుక.

చిలుకూరులో ఆమె కనిపించలేదు. పొలం గట్టు మీద నుంచి నడిచి వెళ్లేటప్పుడు నా చెప్పు ఒకటి బురదలో దిగబడి మరి దొరకలేదు. అత్తమ్మ నా చెప్పును పట్టించుకోలేదు. దారిలో ఉన్న ప్రతి అరుగు వైపూ చూసుకుంటూ నడిచింది.

మిర్యాలగూడలో ఒంటి గంటా పదిహేనుకు, రైసు మిల్లు వాళ్ల అరుగు మీద పెద్దత్తమ్మ ఉంది. చిలుకూరు నుంచి మమ్మల్ని ఏ బస్సూ దాటలేదు. నేను వెనక్కి చూస్తూనే ఉన్నాను. మూడో బొట్టు, మూడో కుడుక. జీపు ఎక్కాక డ్రైవర్ యాదగిరి అన్నాడు: "టీచరమ్మా, గా ముసలమ్మ ఎక్కే బండి ఏందో అడుగున్రి. గా డ్రైవర్ కాడ నేను పని నేర్చుకుంట."

అత్తమ్మ నవ్వలేదు. నేను సంచి చూసుకున్నాను. పదమూడు ఇళ్లు, పెద్దత్తమ్మకు మూడు. ఒక్క కుడుక కూడా మిగల్లేదు.

అయినా పిలుపు గడపలో జరగాలి కాబట్టి వేములపల్లి వెళ్లాం. మూడున్నర అయింది. పెద్దత్తమ్మ కోడలు ఎదురొచ్చి, ముసలామెకు పదకొండు రోజులుగా జ్వరమని, ఇద్దరు పట్టుకుంటే గానీ మంచం దిగడం లేదని చెప్పింది.

లోపలికి వెళ్లాం. పెద్దత్తమ్మ దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. నుదుటి మీద ఒకదాని కింద ఒకటి మూడు బొట్లు. అత్తమ్మ ఇంట్లో చేసిన కుంకుమ నల్లటి ఎరుపు. అదే రంగు. దిండు పక్కన మూడు కుడుకలు. ఎవరు తెచ్చారో కోడలికి తెలియదు.

అత్తమ్మ మంచం పట్టె మీద కూలబడింది. "అక్కా, జొరమొస్తే కబురన్న పంపవా?" అంది. తొమ్మిదేళ్ల తర్వాత, నన్ను మధ్యలో పెట్టకుండా అన్న మొదటి మాట.

పెద్దత్తమ్మ కళ్లు తెరిచింది. "మూడుసార్లు బొట్టు పెట్టినవ్. ఒక్కసారన్న నోరిప్పినవా?"

చేతిలో ఏమీ లేక, అత్తమ్మ ఆ మూడింటిలోనే ఒక కుడుక తీసి మళ్లీ ఆమె చేతిలో పెట్టింది.

పెద్దత్తమ్మ పెళ్లికి వచ్చింది. ఆ చీరే కట్టుకుంది. పప్పులో ఉప్పు తక్కువని నలుగురిలో అంది.

ఆ తర్వాత ఆ మూడు ఇళ్లవాళ్లనూ విడివిడిగా అడిగాను. ఆ రోజు తమ అరుగు మీద ఎవరినీ చూడలేదన్నారు. అత్తమ్మ ఊరికే గాలికి బొట్టు పెడుతోందని మిల్లు ఆమె అనుకుందట, మర్యాదకు అడగలేదట. పదహారు కుడుకలు తీసుకెళ్లాం, పదమూడు పంచాం, మూడు వేములపల్లిలో ఉన్నాయి. లెక్క తప్పి ఉంటే నిశ్చింతగా ఉండేదాన్ని. సరిపోయింది. ఎలా సరిపోయిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆ రోజు పోయినవి: జీపు టైరు ఒకటి. నా కుడికాలి చెప్పు. అక్కచెల్లెళ్లు మాట్లాడుకోని తొమ్మిదేళ్లు.