బొంబాయి కాదని సాక్ష్యం

దోహాలో ఉచితంగా చూడదగ్గవన్నీ నాకు కంఠతా వచ్చు. ప్రపంచకప్ పనులు జోరుగా సాగుతున్న రోజుల్లో మా లేబర్ క్యాంపుకు కొత్తగా వచ్చిన ప్రతివాణ్ణీ శుక్రవారం నేనే తిప్పేవాణ్ణి. నా షరతు ఒక్కటే, టికెట్ ఉన్న చోట గేటు దాకే. లోపల ఏముందని ఎవడైనా అడిగితే, "ఏమున్నదిరా, ఏసీ ఉన్నది" అని నోరు మూయించేవాణ్ణి.

అట్లా నా చేతిలో పడ్డవాడే జగిత్యాల దగ్గరి తమ్ముడొకడు. వాడికి కావలసింది చూడటం కాదు, ఇంటికి చూపించడం. అంతకుముందోసారి ఏజెంటు మోసం చేస్తే బొంబాయిలోనే చిక్కుకుపోయి, సిగ్గుకొద్దీ పెళ్ళానికి ఫోన్ చేసి "దుబాయ్ చేరిన" అని చెప్పాడట మహానుభావుడు. చివరికి ఖాళీ చేతులతో ఊళ్ళో దిగాడు. ఈసారి నిజంగానే ఖతార్ వచ్చాడు, కానీ నమ్మేదెవరు? ఆమె తల్లిగారింట్లో కూర్చుని, దుబాయ్‌లో ఉన్నట్టు రుజువు చూపిస్తేనే తిరిగొస్తానంది. మా ఊళ్ళలో గల్ఫ్ అంతా దుబాయే, అది వేరే పేచీ.

"అన్నా, నా సంసారం నీ చేతులున్నది," అన్నాడు.

"ఫికర్ జెయ్యకు. యల్లా, నడువ్!" అన్నాను పెద్ద మొనగాడిలా.

మొదట సముద్రపు ఒడ్డు. వెనక అద్దాల మేడలు కనపడేలా వాణ్ణి నిలబెట్టి వీడియో కాల్ కలిపించాను.

"సముద్రం బొంబాయిల లేదా? మేడలు లేవా?" అందామె.

పాత బజారుకు తీసుకెళ్ళి ఒంటె పక్కన నిలబెట్టాను.

"పోయినసారి గూడ ఒంటెనెక్కి ఫోటో దిగి పంపినవ్. అది గూడ దుబాయే అన్నవ్. మర్శిపోయినవా?"

నేను వాడి వైపు చూశాను. వాడు ఒంటె వైపు చూశాడు.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. తెలిసిన డ్రైవర్ని బతిమాలి అల్ తుమామాలో కడుతున్న స్టేడియం దగ్గర దిగాం. కంచె సందులో ఫోన్ పెట్టి, "సూడు చెల్లె, గిండ్లనే ప్రపంచకప్ ఆడేది" అన్నాను.

"నువ్వెవలన్నా? ఆ ఏజెంటువేనా?"

ఛీ, నా బతుకు చెడ! ఎండలో చెప్పులరిగేలా తిప్పినందుకు నాకు దక్కిన బిరుదు ఇది.

పొద్దుగూకే వేళకు అల్ మన్సూరా పేటలో రోడ్డు పక్కన చాయ్ తాగుతున్నాం. వాడు ముఖం వేలాడేసుకుని ఉండగా ఆమే ఫోన్ చేసింది, తిట్టడం మిగిలిపోయినట్టుంది. ఆమె మాటలకు జంకి వాడు ఫోన్ రోడ్డు వైపు తిప్పాడు. తిట్లు ఆగిపోయాయి.

"గంతమంది ఎవలు?"

"మాలెక్కనే క్యాంపులోళ్ళు. ఇయ్యాల సెలవు."

"అందరు మొకానికి ఫోన్ వెట్టుకున్నరేంది?"

"ఇంటోళ్ళతోని మాట్లాడుతున్నరు."

"మంచిగ సూపెట్టు."

వాడు నెమ్మదిగా ఫోన్ తిప్పాడు. దుకాణాల మెట్ల మీద, గోడల వెంట, కరెంటు స్తంభాల కింద అందరూ మగవాళ్ళే. నేపాలీలు, బంగ్లావాళ్ళు, మనవాళ్ళు. ఒకడు కొత్త చొక్కా చూపించి మురుస్తున్నాడు. ఒకడు చంటిపిల్లను నవ్వించడానికి కోతిలా మొహం పెడుతున్నాడు. ఇంకొకడు ఫోన్‌లోకి చూస్తూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఎందరినో ఊరంతా తిప్పానే, దీన్ని ఒక్కరికైనా చూపించాలని నాకు తోచనేలేదు.

"బొంబాయి గాదు," అంది ఆమె మెల్లగా. "బొంబాయిలున్నోళ్ళు ఇల్లు యాదికొస్తె రైలెక్కుతరు. గిట్ల ఫోన్లకు అతుక్కపోరు. అది దుబాయే."

వాడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"రేపు పొద్దుగాల్ల మనింటికి పోత," అందామె. "పైలం."

కానీ నా నోరు ఊరుకుంటుందా? "చెల్లె, ఇది దుబాయ్ గాదు, ఖ..." అనబోయాను. ఆ దొంగవెధవ నా కాలు తొక్కాడు.