తాగే నీళ్లు, తొక్కే నీళ్లు

మా పక్కింటి గొర్రెలాయనకు ఈ వీధి పెట్టని పేరు లేదు. చిన్నప్పుడు ఉన్నిబంతి అన్నారు, మీసాలొచ్చాక మందదొర అన్నారు, ఆ తర్వాత చాలాకాలం కుంటిమంద ఆసామి అన్నారు. నాకు మాత్రం ఆయన అన్నయ్య. తోడబుట్టినవాడేమీ కాదు. రెండిళ్లకూ మధ్య ఒకే గోడ ఉండి, ఆ గోడ నా భుజాల ఎత్తే ఉండటం వల్ల కలిసిన చుట్టరికం.

ఆయన భార్య బిడ్డను కన్న కొద్దికాలానికే పోయింది. ఆ బిడ్డను సాకిందీ, మందను సాకిందీ ఆయన అక్కే. వీధి మొత్తానికీ ఆవిడ పెద్దక్క. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో కనుక్కుందామని నేను చేయని ప్రయత్నం లేదు.

"నీలాంటి ఆడపడుచు తగులుతుందేమోనని భయమేసిందిలే" అనేది, చేతిలో పని ఆపకుండానే.

ఆ చేతులు గొర్రెల కోసమే పుట్టాయి. బెదిరిపోయే గొర్రె కూడా పెద్దక్క ఒళ్లో వెల్లకిలా పడుకుని, కాళ్లు పైకెత్తి, ఎవరో తల దువ్వుతున్నట్టు కళ్లు మూసుకునేది. ఆవిడ గిట్టల సందు విప్పి చూసి, వాసన చూసి, "దీన్ని వేరే కట్టెయ్ రా, మొదలైంది" అనేది. తమ్ముడు మారుమాట లేకుండా కట్టేసేవాడు.

వానాకాలంలో గొర్రెలకు వచ్చే పెద్ద చిక్కు కాళ్లతోనే. తడిగడ్డిలో, బురదలో తిరిగి గిట్టల సందున చర్మం నాని, ఎర్రబడి, పుండు పడుతుంది. ఒకదానికొస్తే అది తొక్కిన నేలను తొక్కిన వాటన్నిటికీ వస్తుంది. నొప్పి ముదిరిన గొర్రె ముందరి మోకాళ్ల మీద వాలి మేస్తుంది. దూరం నుంచి చూస్తే దండం పెడుతున్నట్టుంటుంది. దగ్గరికెళ్లి దాని కళ్లు చూస్తే మనకు అన్నం సహించదు.

దానికి విరుగుడు కాళ్లతొట్టి. దొడ్డి పక్కన రెండు కంచెల మధ్య ఒక్క గొర్రె మాత్రమే పట్టే సందు ఉండేది. ఆ సందులో పొడుగాటి, లోతులేని తొట్టి. అందులో మైలుతుత్తం కలిపిన నీలం నీళ్లు, గిట్టలు మునిగేంత. ముందు మామూలు నీళ్లతో కాళ్ల బురద కడిగి, తర్వాత ఆ మందునీళ్లలో కాసేపు నిలబెట్టి, బయటికి రాగానే సిమెంటు గచ్చు మీద కాళ్లు ఆరేదాకా ఉంచాలి. తడికాళ్లతో గడ్డిలోకి వదిలితే చేసిన చాకిరీ అంతా దండగ. వీటన్నిటికంటే ముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది: మందకు కడుపునిండా నీళ్లు తాగించాలి. దాహంతో దిగిన గొర్రె తొట్టిలో నీళ్లే తాగేస్తుంది. మైలుతుత్తం కడుపులోకి పోతే గొర్రెకు విషం. ఈ సంగతి అక్కాతమ్ముళ్లిద్దరికీ బాగా తెలుసు. ఏళ్ల తరబడి ఒక్క పొరపాటు జరగలేదు.

ఆ రోజు వానల మధ్య వచ్చిన ఎండ. చురుక్కుమనే ఎండ. అన్నయ్య దూరపు బీడు నుంచి మందను తోలుకొచ్చాడు. పడమట మబ్బు పడుతోంది, వాన దిగితే కాళ్లు ఆరవని ఆయన కంగారు. గేటు దగ్గరి నుంచే కేకేశాడు.

"అక్కా, నీళ్లు పెట్టావా?"

"పెట్టానురా!"

"అయితే తోలేస్తున్నా!"

నేను గోడ ఇవతల బట్టలు ఆరేస్తున్నాను. ఆ మాటలు నా చెవిన పడ్డాయి. అందులో తేడా ఏదో ఉందని అప్పుడు ఎవరికి మాత్రం తోస్తుంది?

గొర్రెలు సందులోకి దిగాయి. ముందున్నది తల వంచింది. వాసన చూస్తోందని అనుకున్నాడట అన్నయ్య. దాని వెనకది వంచింది. ఆ వెనకది కూడా. వెనక నుంచి తోలుతున్న పెద్దక్కకు ముందు ఏం జరుగుతోందో కనబడలేదు. కనబడేసరికి గొర్రెలు గుటకలు వేస్తున్నాయి. ఇద్దరూ కలిసి లాగారు, నెట్టారు, అరిచారు. ఆ ఇరుకు సందులో గొర్రెను వెనక్కి తిప్పడం ఎవరి తరం?

సాయంత్రానికి గొర్రెలు కడుపునొప్పితో మూలిగాయి. మరుసటి పొద్దున దొడ్డిలో చాలాచోట్ల ఉన్ని కుప్పలు పోసినట్టు కనబడ్డాయి. వీధి మొత్తం వచ్చి చేరింది. పశువుల డాక్టరమ్మ ఒక్కోదాన్నీ చూసి తల అడ్డంగా ఊపుతోంది. అన్నయ్య దొడ్డి వెనక ఉన్న తాగునీటి తొట్టి దగ్గరికెళ్లి చూశాడు. పొడి పొడిగా ఉంది. అడుగున ఎండాకు ఒకటి ఉంది.

ఆ ఎండాకు తీసుకొచ్చి అక్క కాళ్ల ముందు పడేశాడు.

"నీళ్లు పెట్టావా అంటే పెట్టానంది. అందరూ వినండి, పెట్టానంది! అబద్ధమాడి నా మందను చంపేసింది!"

"అన్నయ్యా, నోరు జారకు" అన్నాను నేను.

"నువ్వు గోడకి అవతలే ఉండు!" అన్నాడు నాతో. అంతకుముందెన్నడూ నన్ను అంత మాట అనలేదు.

మందు కలిపిన పెద్దక్క వేళ్లకు నీలం ఇంకా వదల్లేదు. ఆ వేళ్లనే చూసుకుంటూ నిలబడింది. ఆ మర్నాడు ఒక సంచి పట్టుకుని బస్సెక్కింది. పక్క పట్నంలో పెద్దాసుపత్రి చాకలిగదిలో పనికి కుదిరిందని తర్వాత తెలిసింది. మేనల్లుడు అప్పటికి వ్యాను నడపడం నేర్చుకుంటూ వేరే ఊళ్లో ఉన్నాడు. వాడు వెళ్లి బతిమాలితే, "పిలవాల్సినవాడు పిలవనీరా" అందట.

పిలవాల్సినవాడు పిలవలేదు. కాళ్లతొట్టిని మాత్రం బోర్లించేశాడు. "అది మా ఇంటికి అచ్చిరాలేదు" అనేవాడు. మిగిలినవాటితో మళ్లీ మంద పెరిగింది గానీ వానలొస్తే చాలు, సగం మంద మోకాళ్ల మీదే మేసేది. డాక్టరమ్మ చెప్పి చెప్పి విసిగిపోయింది.

"తప్పు తొట్టిది కాదండీ, దాహానిది. ఇప్పుడు జింకు మందు వస్తోంది, తెల్లగా ఉంటుంది. దీన్నీ తాగనివ్వకూడదనుకోండి. కానీ కాళ్లు బాగుపడతాయి."

"చూద్దాంలెండి" అనేవాడు.

ఆయన మొండితనానికి కారణం నాకు తెలుసు. తొట్టి తప్పు కాదని ఒప్పుకుంటే, ఆ రోజంతా మళ్లీ మొదటి నుంచి తలచుకోవాలి. అందుకు ధైర్యం చాలలేదు. ఒకటి రెండుసార్లు గోడ మీద నుంచి అడిగాను కూడా, "అక్క ఎలా ఉందో కనుక్కున్నావా?" అని. "నీ పొయ్యి మీద ఏదో మాడుతోంది చూసుకో" అనేవాడు. నా పొయ్యి మీద ఏమీ ఉండేది కాదు.

ఇలా ఏళ్లు గడిచాయి. కొడుక్కి పెళ్లయింది. కోడలు దర్జీల ఇంటి పిల్ల. సూదీ దారం తప్ప గొర్రె మొహం దగ్గరగా చూసి ఎరగదు. అదే ఏడు, బీడు పంచుకునే మిగతా మందలవాళ్లు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. "నీ గొర్రెల కాళ్లు బాగుపడేదాకా మా గడ్డి తొక్కనివ్వం. మావాటికీ అంటుకుంటోంది" అన్నారు. ఇక గతి లేక అన్నయ్య తొట్టిని వెల్లకిలా తిప్పాడు. పని మొత్తం కోడలికి ఒక్కొక్కటే చెప్పాడు. ఏది ముందు, ఏది వెనక, ఎందుకు. ఆ పిల్ల గుడ్డ కొలతలు గుర్తుపెట్టుకున్నంత శ్రద్ధగా వింది.

మందను గేటు దగ్గరికి తెచ్చి ఆయన కేకేశాడు.

"అమ్మాయ్, నీళ్లు పెట్టావా?"

"ఏ నీళ్లు మామయ్యా? తాగేవా, తొక్కేవా?"

గేటు గడియ మీద ఆయన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఏమన్నావూ?"

"తాగే నీళ్లు ఇందాకే పెట్టేశాను మామయ్యా. తొక్కే నీళ్లలో మందు ఇంకా కలపలేదు. మీరు దేన్ని అడుగుతున్నారో తెలీక..." పిల్ల గాభరా పడింది. "తప్పుగా అడిగానా?"

"లేదు తల్లీ. నువ్వు అడిగిందే అడగాల్సిన మాట."

అలా అని బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు. నేను గోడ మీద చేతులు ఆనించి ఉన్నాను. నా వైపు చూశాడు.

"చెల్లీ, ఆ రోజు అక్క పెట్టానన్నది ఏ నీళ్లు?"

"నీలం నీళ్లయి ఉంటాయి అన్నయ్యా. పొద్దుట్నుంచి మందు కలుపుతూనే ఉంది కదా."

"నేనడిగింది ఏ నీళ్లు?"

తనే దొడ్డి వెనక ఉన్న తాగునీటి తొట్టి వైపు చూశాడు.

"అక్క నిజమే చెప్పింది" అన్నాడు. "నేను అబద్ధమన్నాను. వీధిలో అందరి ముందూ అన్నాను."

"మామయ్యా, మంద ఎండలో ఉంది" అంది కోడలు మెల్లగా. లేచి గడియ తీశాడు. గొర్రెలు కడుపారా తాగి, బురద కడిగించుకుని, తెల్లమందు నీళ్లలో నిలబడి, గచ్చు మీదికి వచ్చాయి. అవి ఆరేదాకా ఆయన వాటి మధ్యే నిలబడ్డాడు. ఒక్కటీ తొట్టిలో తల పెట్టలేదు.

మర్నాడే బస్సెక్కుతాడనుకున్నాను. ఎక్కలేదు. ఉన్ని కత్తిరింపు అన్నాడు, గొర్రెలు ఈనుతున్నాయన్నాడు, జలుబన్నాడు.

"ఇంకా ఏం మిగిలాయి అన్నయ్యా, గ్రహణమా?" అన్నాను.

"వెళ్లి ఏమని మొదలుపెట్టాలి?"

"అక్కా అని మొదలుపెట్టు. మిగతాది దాని వెనకే వస్తుంది."

చివరికి మంద కాళ్లన్నీ బాగుపడ్డాక వెళ్లాడు. వచ్చాక చెప్పడానికి ఇష్టపడలేదు గానీ, నేను వదిలే రకం కాదు కదా, ముక్కముక్కగా లాగాను.

ఆసుపత్రి వెనక పొడుగాటి గది, ఆవిర్లు, దుప్పట్ల గుట్టలు. పెద్దక్క నడుము కొంచెం వంగింది. తమ్ముణ్ని చూసి, "కాళ్లు తుడుచుకుని రా, నేల కడిగాను" అందట. ఈయన అక్కడే, గుమ్మంలోనే, మొత్తం చెప్పేశాడు. కోడలి మాట, ఎండాకు, నిజాన్ని అబద్ధమన్నది తానేనన్న సంగతి, అన్నీ.

ఆవిడ దుప్పటి మడత పెట్టడం ఆపలేదట.

"నువ్వు దారిలోనే తాగించుకొచ్చావనుకున్నా. ఏ నీళ్లురా అని నేనూ అడిగుండాల్సింది" అంది.

"నువ్వెందుకడగాలి? నేను చూసుకోవాల్సింది."

"నేను అబద్ధమాడలేదని నాకు తెలుసురా. కానీ చచ్చినవి చచ్చాయి కదా. ఈ చేత్తో కలిపిన నీళ్లే కదా. ఇక్కడ దగ్గర్లో గొర్రెలవాళ్లున్నారు. నాకు పని తెలుసని ఎలాగో విని, కాళ్లు చూసిపెట్టమని అడిగారు. వెళ్లలేదు. మళ్లీ గొర్రెను ముట్టుకోలేదు."

"ఇంటికి రా అక్కా."

"ఈ మాట అప్పుడే అనుంటే పరిగెత్తుకొచ్చేదాన్ని. ఇప్పుడు వచ్చి ఏం చెయ్యను? గొర్రెను ఒళ్లో తిప్పే బలం లేదు. నా చేతులకి దుప్పట్లు అలవాటైపోయాయి. ఇక్కడ నాకో గది ఉంది, పక్కగదిలో మాట్లాడే మనిషి ఉంది. కోడల్ని అడిగానని చెప్పు. మంచి పిల్లలా ఉంది."

కోపంగా అనలేదట. ఏడవలేదట. అన్నం పెట్టిందట, మంద సంగతులు అడిగిందట, ఆయన చెప్పిన ఒక జోకుకు నవ్విందట కూడా. తర్వాత బస్సు దాకా తోడొచ్చింది. బస్సు కదిలేదాకా నిలబడి, చెయ్యి ఊపి, "అప్పుడప్పుడూ వస్తూ ఉండు" అంది.

ఈ ఒక్క ముక్కనే అన్నయ్య రెండుసార్లు చెప్పాడు.

"తిట్టినా బావుండేది చెల్లీ" అన్నాడు. "ఇంటికొచ్చిన చుట్టాన్ని పంపినట్టు పంపించింది."