పేప్రె వినడానికి ఇచ్చోడ దాకా

పొద్దున ఐదున్నరకు సిరిసిల్లలో కరీంనగర్ బస్సెక్కాను. ఆదిలాబాద్ వైపు పత్తి మిల్లులో ఏదో పని ఉందట, చూసొస్తానని మా ఆవిడకు చెప్పాను. అబద్ధం. ఇరవై ఎనిమిదేళ్లు సాంచాల మధ్య, అంటే మరమగ్గాల మధ్య నిలబడ్డ చెవులు నావి. కరీంనగర్‌లో చెవుల డాక్టరు పరీక్ష చేసి, సన్నటి శబ్దాలు ముందు పోతాయి, మిగతావి తర్వాత పోతాయి అన్నాడు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు. శనివారం భజనలో హార్మోనియం వాయించేది నేనే, అక్కడ అసలే చెప్పలేదు. కొన్ని వారాలుగా పాట ఒక దారి, నా పెట్టె ఒక దారి అయ్యాయి. భజన పెద్ద మల్లేశం ఏమీ అనడు, మిగతావాళ్లు మొహాలు చూసుకుంటారు.

దీపావళి ముందు గోండు గూడేల్లో దండారి అనే ఆట ఆడతారని, అందులో ఊదే పేప్రె అనే చిన్న సన్నాయి ఊరవతలికి కూడా వినపడుతుందని మా కార్ఖానాలో ఒకతను చెప్పాడు. ఆ సన్నటి గొంతు నాకు వినపడితే భజనలో ఉంటాను, లేదంటే మానేస్తాను. ఇది నాకు నేను కట్టుకున్న పందెం.

ఏడింటికి కరీంనగర్‌లో ఆదిలాబాద్ బస్సు దొరికింది. నా కుడి చెవి కొంచెం నయం, అందుకని ఎడమ వైపు కిటికీ సీటు పట్టాను. కాలు నిలవలేదు. జగిత్యాలలో దిగాను, మెట్‌పల్లిలో దిగాను, నిర్మల్‌లో టీ తాగీ తాగకముందే మళ్లీ ఎక్కాను. పక్కన కూర్చున్న పెద్దమ్మ నన్ను చూసి ఏదో అడిగింది. అలవాటు ప్రకారం తలూపాను. ఆమె కొంగు ముడి విప్పి నా చేతిలో గుప్పెడు వాము పోసి, "నములు కొడుకా, కడుపునొప్పి తగ్గుతది" అంది. అప్పుడు తెలిసింది ఆమె ఏమడిగిందో. చేసేదేముంది, ఘాట్ ఎక్కేదాకా వాము నములుతూనే ఉన్నాను.

ఒంటిగంటకు ఇచ్చోడ. రోడ్డు పక్కనే లాడ్జిలో సంచి పడేసి, జొన్నరొట్టె, పప్పు తిని ఆటో మాట్లాడుకున్నాను. "దండారి కాడ చెప్పులు బయటనే ఇడువాలె కాకా, అడగకుంట ఫోటో తియ్యద్దు" అన్నాడు ఆటో అతను. మీరు వెళ్లినా ఇది గుర్తుంచుకోండి.

మూడింటికి గూడెం చేరాం. పక్క గూడెం బృందం అప్పుడే వచ్చింది. ఊరివాళ్లు ఎదురెళ్లి కాళ్లకు నీళ్లిచ్చి లోపలికి తీసుకొచ్చారు. నెమలి ఈకల పెద్ద కిరీటాలు, ఒంటి నిండా బూడిద, నడుముకు గజ్జెలు. డప్పులు మొదలయ్యాయి, గుండెలో మోగాయి. గజ్జెలు అందీ అందనట్టు వచ్చాయి. మధ్యలో ఒకాయన బుగ్గలు పూరించి పేప్రె ఊదుతున్నాడు. దాని గొంతు మాత్రం లేదు. ముందుకెళ్లాను, చుట్టూ తిరిగి అవతలికెళ్లాను, మూడడుగుల దూరంలో నిలబడి కుడి చెవి పెట్టాను. లేదు. ఏడుపొచ్చింది.

ఆట ఆగి అందరూ నీళ్లు తాగుతుంటే పేప్రె ఆయన మంచం మీద కూర్చుని మళ్లీ దాన్ని నోట్లో పెట్టుకున్నాడు. నా చెవుల సంగతి ఎవరైనా కనిపెడతారేమోనని భయం. కళ్లు మూసుకుని తల ఊపుతూ "వారెవ్వా, ఏం తీస్తున్నవ్ దాదా!" అన్నాను. కళ్లు తెరిస్తే చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వుతున్నారు.

"ఇంకా ఊదనే లేదు దాదా," అన్నాడాయన. "దీని మూతికాడి పీక ఎండితె పలుకది. నోట్ల వెట్టి తడుపుతున్న."

పేరు భీంరావు. నవ్వకుండా వచ్చి నా ఎదురుగా కూర్చుని, "ఇనవడ్తలేదా?" అని అడిగాడు. ఎవరికీ చెప్పనిదంతా ఆయనకు చెప్పేశాను.

"గిన్ని డప్పుల నడుమ నాదే నాకు ఇనవడ్తదా?" అన్నాడు. "ఆడేటోళ్ల కాళ్లు సూస్త. కాలు తప్పిందంటె నేనే తప్పిన."

మా కార్ఖానాలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు, పెదాలు చూసే మాట్లాడుకుంటాం. భజనలో మాత్రం కళ్లు మూసుకుని వాయిస్తాను, అందరూ భక్తి అనుకుంటారు. నా తెలివికి నాకే సిగ్గేసింది.

మళ్లీ ఆట మొదలైంది. ఈసారి కాళ్లనే చూశాను. ఒకచోట నాలుగైదు జతలు తడబడ్డాయి. వెంటనే భీంరావు వైపు చూశాను. ఆయన నన్ను చూసి, దొరికిపోయినట్టు కళ్లతోనే నవ్వాడు. పేప్రె వినకుండానే అందులో తప్పు పట్టుకున్నాను! సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డాను.

మర్నాడు ఎనిమిదింటికి తిరుగు బస్సు. అంతదూరం వెళ్లి పేప్రె వినకుండా వచ్చానని చెప్పుకోవడానికి బాధగానే ఉంది. అయినా వెళ్లమనే చెబుతాను, ఆ కాళ్లు చూడాల్సినవే. నిర్మల్ దాటాక మల్లేశం ఫోను చేసి, శనివారం వస్తున్నావా అన్నాడు.

"వస్త మల్లన్నా. గని నాకు సన్నగ పాడితె ఇనవడ్తలేదు. చానా దినాలాయె. పాడెటోళ్లు నా ముంగట కూసోవాలె, పెదిమలు సూసుకుంట వాయిస్త. గట్ల నడవదంటె ఇప్పుడే చెప్పు."

అటునుంచి ఏమీ రాలేదు. ఆయన మాట్లాడటం లేదో, మాట్లాడింది నాకు అందలేదో తెలియలేదు. ఇదివరకైతే సరే సరే అని పెట్టేసేవాణ్ణి.

"ఏమన్నవే అన్నా? నాకు ఇనవడలే, మల్ల చెప్పు!" అని అరిచాను. బస్సంతా నా వైపు తిరిగింది. తిరిగితే తిరిగిందని ఫోను చెవికి ఇంకా గట్టిగా అదిమాను.