శనివారానికి ఐదో మనిషి

ఎనభైల్లో ఒక మధ్యాహ్నం, అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ బస్ స్టేషన్‌లో నా పక్కన కూర్చున్న జమైకా ఆమె నా చేతిలో బైబిల్ చూసి పలకరించింది. ఆమె ఒడిలో, బాస్కెట్‌బాల్ లాంటి నెట్‌బాల్ ఆటకు తొడుక్కునే చొక్కాలున్నాయి. ఆ ప్రాంతంలోని నర్సులు, ఇళ్లలో పనిచేసే కరీబియన్ ద్వీపాల ఆడవాళ్లు కలిసి కట్టుకున్న జట్టట. ఒకప్పుడు న్యూయార్క్ వెళ్లి గెలిచి వచ్చేవారట.

"ఇప్పుడు నలుగురమే మిగిలాం సిస్టర్. శనివారం కనీసం ఐదుగురం లేకపోతే ఆడనివ్వరు. జట్టును లీగ్‌లోంచి తీసేస్తారు."

నేను కొంగు తలమీద కప్పుకుని, ఆమె చేతులు పట్టుకుని, ఒక మనిషిని పంపమని ప్రభువును బిగ్గరగా వేడుకున్నాను. ఆమె ఆమేన్ అని కళ్లు తెరిచి నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వొస్తావా?"

నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నాకు బంతి పట్టుకోవడమే రాదమ్మా!"

"పట్టుకుంటే చాలు. దొరికాక పరుగెత్తకూడదు, మనవాళ్లకి అందించాలి, అంతే. నీ చీరలోనే ఆడొచ్చు."

"నేను టెక్సస్ వెళ్లిపోతున్నాను."

"వెళ్లు తల్లీ. అందరూ ఎక్కడికో ఒకచోటికి పోతూనే ఉన్నారు" అంటూ ఆమె చొక్కాలు మడతపెట్టుకుంది. ఇంతలో నా బస్సుకు పిలుపొచ్చింది.

శనివారం డాలస్‌లో ఉపవాసముండి, వాళ్ల ఆట వేళకు మోకరించాను. "ప్రభువా, ఇంకెవరినైనా పంపు" అని అడగాలి. 'ఇంకెవరినైనా' అనడానికి నాకు నోరు పెగల్లేదు.