రాజీరు వకీలును ఓడించింది మనోళ్లే

రాజీరు వకీలు సాబ్‌ను ఓడించింది కంపెనీ కాదు. మన యూనియన్ లీడర్లు. అదీ మా తాతను అడ్డం పెట్టుకుని.

నిన్న పొద్దున్నే ఫోన్ వచ్చింది, సాబ్ ఇక లేరని. నమ్మలేదు. మొన్ననే కదా వాళ్లింటికి వెళ్తే, "మల్ల ఏదో కరపత్రం సదివినట్టున్నవ్, మొఖం ఎర్రగైంది" అని ఎక్కిరించారు!

మధ్యాహ్నానికల్లా యూనియన్ వాళ్లు చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. "మా యూనియన్ ముద్దుబిడ్డ" అట.

థూ.

తెలియని ఫ్రెండ్స్ కోసం రాస్తున్నాను.

డెబ్బైలలో బొగ్గు గనిలో కాలో చెయ్యో పోతే కంపెనీవాళ్లు "అన్‌ఫిట్" అని ఇంటికి పంపేవాళ్లు. సాబ్‌కు చిన్నప్పుడే పోలియో. చంకలో కర్రతో కరీంనగర్ కోర్టుకు బస్సెక్కేవారు. ఆయన వాదన ఒకటే: కాలు పోయింది కానీ పనితనం పోలేదు, కూర్చుని చేసే డ్యూటీ ఇవ్వండి.

మా తాత పోశంకు పట్టాల మీద వచ్చే బొగ్గు టబ్బు గుద్ది కాలు పోయింది. ఆయన కేసే మొదటిది. అది గెలిస్తే వెనక ఉన్నవాళ్లందరికీ దారి దొరికేది.

గని పైన ల్యాంప్ రూమ్ ఉంటుంది. కార్మికుల టోపీ దీపాలు అక్కడే కూర్చుని విప్పి, తుడిచి, బిగిస్తారు. సాబ్ ఎక్కడో ఒక పాత దీపం సంపాదించి, తన అరుగు మీద తాతతో ప్రాక్టీస్ చేయించారు. తాత కళ్లు మూసుకుని బిగించేవాడట.

కోర్టులో, జడ్జి ముందు, సాబ్ ఆ దీపం తాత చేతిలో పెట్టారు.

"విప్పు పోశం."

తాత చేతులు కదల్లేదు.

"నాతోని కాదు సార్. నేను ఏ పనికీ రాను."

అంతే. తాత కేసు పోయింది. వెనక ఉన్నవాళ్లవీ పోయాయి.

ముందురోజే యూనియన్ లీడర్ మా ఇంటికి వచ్చి చెవిలో ఊది పోయాడు: "గట్ల చెప్పు పోశం. నీ జాగల నీ తమ్మున్ని పెట్టిస్త." కోర్టే డ్యూటీలు ఇప్పిస్తే నౌకరీల కోసం తన గుమ్మం ఎవరూ తొక్కరని వాడి భయం.

బస్టాండులో సాబ్ తాతకు చాయ్ తాగించి సంగతి రాబట్టారు. తిట్టలేదట.

"సచ్చినోని నౌకరి ఇంకొకనికి ఇస్తరు. నువ్వు బతికే ఉన్నవ్ గదరా!"

చిన్నతాతకు నౌకరి వచ్చింది. ఇల్లు గడిచింది. తాత మాత్రం ఆ వయసు నుంచే మంచం పట్టుకుని కూర్చున్నాడు, రెండు చేతులూ ఇనుప కడ్డీల్లా ఉండి కూడా.

మొన్న సాబ్‌ను నిలదీశాను, ఆ లీడర్ పేరు ఇన్నేళ్లూ ఎందుకు బయటపెట్టలేదని.

"పెడితే మీ చిన్నతాత నౌకరి ఊడుతుండె. మీ పోరగాళ్లకు కోపం అగ్గువ రా, పైస ఖర్సు గాదు!" అని నవ్వారు.

చిన్నతాత ఎప్పుడో రిటైర్ అయ్యాడు. ఇక ఊడేదేం లేదు.

నిన్న ఫ్లెక్సీ సంగతి తాతకు చెప్పాను. మంచం మీంచి లేచి కర్ర అందుకున్నాడు. తర్వాత అన్నాడు:

"నన్ను ఆడికి తోల్కపో బిడ్డా. అబద్ధం అందరి ముంగట చెప్పిన. నిజం గూడ అందరి ముంగటనే చెప్త. వాని పేరుతోని సహా."

సాబ్ కూతురు రావాలి కాబట్టి అంత్యక్రియలు రేపు. పాడె లేవకముందే తాత మాట్లాడతాడు. ఆ రోజు కేసులు పోగొట్టుకున్న ఇళ్లవాళ్లందరూ రండి. చంక కర్రలతో వచ్చేవాళ్లు ముందు వరుసలో కూర్చోండి. యూనియన్ పెద్దలూ, మీరూ రండి. వినండి.

పోయి రండి సాబ్. మీ మనసు చల్లగా ఉండాలి. మా మనసు ఇప్పుడే చల్లారదు.

రేపు ఉదయం తొమ్మిది గంటలకు. సాబ్ ఇంటి ముందు.